సీసాలోని చేప జిలేబి కాదు

(బి.ఎస్సీ. మూడో సంవత్సరం విద్యార్థి)

పోయిన సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షలో నాకు రెండు మార్కులు పోయినయి. రెండే కదా అన్నారు మిత్రులు. నిజమే, రెండే. కాని అవి పోయిన తీరు నన్ను ఇప్పటిదాకా వదలలేదు. ఈ వ్యాసానికి కూడా అదే మూలం.

జంతుశాస్త్రం చదవని వారికోసం ఒక మాట. మా పరీక్షలో ‘స్పాటర్లు’ అని ఉంటాయి. పొడుగాటి బల్లమీద సీసాలు, స్లైడులు, ఎముకలు వరసగా పెడతారు. గంట కొట్టినప్పుడల్లా ఒక్కో వస్తువు ముందుకు జరిగి, అది ఏమిటో గుర్తుపట్టి, దాని లక్షణాలు నాలుగు రాయాలి. ఐదో నంబరు దగ్గర నాకొక సీసా ఎదురైంది. అందులో జానెడు చేప. ఫార్మలిన్‌లో ఏళ్ళ తరబడి నాని రంగంతా పోయింది. పలకలాంటి ఒళ్ళు, వీపుమీద ముళ్ళరెక్క. చూడగానే నవ్వొచ్చింది. ఇది నాకు తెలియని చేపా? ‘తిలాపియా’ అని రాసి, మిగిలిన సమయమంతా కిటికీలోంచి వేపచెట్టును చూస్తూ నిలబడ్డాను.

మాది పెద్దవూర. నాగార్జునసాగర్ మాకు పక్కనే. వ్యవసాయం ఇంట్లో పుట్టినా చేపలు తెలియనివాణ్ణి కాను. రవ్వ, బొచ్చె, బంగారుతీగ, కొర్రమీను, వాలుగ, జెల్ల, ఇవన్నీ అంగట్లో దూరంనుంచే చెప్పగలను. తిలాపియాను మావైపు జిలేబి అంటారు. పుట్టుక ఆఫ్రికాది, మన దేశానికి తెచ్చింది 1952లో, ఇప్పుడు ఏ చెరువులో వల వేసినా అదే. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. సాగర్ అంటే మాకు డ్యామే. సాగరమంటే సముద్రమని బడిలో చదువుకున్నాంగాని, “సాగర్ పోయొస్త” అంటే మా ఊళ్ళో ఎవరూ ఉప్పునీళ్ళు అనుకోరు. అప్పటికి నేను సముద్రం చూసింది కూడా లేదు.

పరీక్ష ముగిశాక మా సారు పిలిచారు.

“ఎవరయ్యా, సముద్రం చేపను తెచ్చి సాగర్‌ల ఏసింది?”

నేనే సార్ అన్నాను. ఆయన తిట్టలేదు. సీసా మూత తీసి, చేపను పళ్ళెంలో పెట్టి, చేతికి భూతద్దం ఇచ్చి, “ముక్కులెన్ని?” అన్నారు. చేపకు ముక్కులు లెక్కపెట్టాలని నాకు అంతవరకు తోచలేదు. తిలాపియాకు తలకు ఒక్కోవైపు ఒక్కటే నాసికారంధ్రం ఉంటుంది. ఈ చేపకు ఒక్కోవైపు రెండు. తరువాత పార్శ్వరేఖ చూపించారు. చేప పక్కమీద తలనుంచి తోకదాకా చుక్కలచుక్కలుగా పోయే గీత అది, నీటి కదలికను పసిగట్టే అవయవం. తిలాపియాలో అది మధ్యలో తెగి, కొంచెం కిందికి దిగి మళ్ళీ మొదలవుతుంది. ఇందులో ఎక్కడా తెగలేదు. చివరికి నోరు తెరిచి చూపించారు. ముందు కోరపళ్ళలాంటివి, దవడ పక్కలకు మినపగింజల్లాగా గుండ్రటి పళ్ళ వరసలు. గుల్లలను, పీతలను పట్టి చిదిమే తిరగలి అది.

“ఇది సీబ్రీమ్. స్పారిడే కుటుంబం. చూసిన చేపనే చూసినవు గని ఈ చేపను చూడలేదు నువ్వు” అన్నారు.

సీసా అడుగున పాత చీటీ ఒకటి అంటించి ఉంది. సిరా వెలిసిపోయి ‘క్రైసోఫ్రిస్ బెర్డా’ అని కష్టంమీద కనబడింది. సారు దాన్ని చదివి, “ఇది కూడ ఇప్పుడు చెల్లదు. పిల్లగాడు తప్పు రాసిండు, సీసా పాతది చెప్పింది. ఇద్దరికి సున్నా” అని నవ్వారు. ఒక చేపకు పేరు చెల్లకుండా పోవడమేమిటి? నోటు రద్దయినట్టు పేరు రద్దవుతుందా? దాని వెంటబడి లైబ్రరీలో తిరగగా తిరగగా తెలిసినదే మీ ముందు పెడుతున్నాను.

సీబ్రీమ్‌లు ప్రపంచం మొత్తంమీద సుమారు నూట అరవై జాతులు. మధ్యధరా సముద్రం, ఆఫ్రికా దక్షిణ తీరం వాటికి పుట్టిళ్ళు. మన తీరంలో వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. వీటిలో యూరపువారికి అనాదిగా తెలిసినదానికి లినేయస్ 1758లో స్పారస్ అరాటా అని పేరు పెట్టాడు. దాని రెండు కళ్ళమధ్య బంగారు పట్టీ ఉంటుంది. క్రైసోఫ్రిస్ అన్న మాటకు అర్థం కూడా బంగారు కనుబొమ అనే. మా సీసా చేపకు బంగారమూ లేదు, కనుబొమా లేదు, అయినా ఆ పేరు చాలాకాలం మోసింది.

జంతువుల శాస్త్రీయ నామాలకు లెక్క మొదలయ్యేది ఆ 1758నుంచే. ఒకే జంతువుకు ఇద్దరు రెండు పేర్లు పెడితే ముందు అచ్చయినది నిలుస్తుంది. పట్టా భూమికి ముందు రిజిస్ట్రేషన్ ఎవరిదో వారిదే హక్కు అన్నట్టు. వినడానికి చిన్న సూత్రం. దీని చేతిలో గెలిచినవారు, ఓడినవారు ఎందరో ఉన్నారు. ఓడినవాటిలో మన తెలుగు పేరు కూడా ఒకటుంది. ఆ కథకు రావాలంటే ముందు అరేబియా పోవాలి.

లినేయస్ శిష్యుల్లో పేతర్ ఫోర్స్కాల్ అని ఒకడు. డెన్మార్కు రాజు పంపిన దండుతో 1761లో అరేబియాకు బయలుదేరాడు. ఎర్ర సముద్రం ఒడ్డున జాలరులను అడిగి, చేపలకు వాళ్ళు పిలిచే అరబ్బీ పేర్లనే రాసుకున్నాడు. 1763లో యెమెన్‌లో మలేరియాతో చనిపోయాడు. ఆ దండులో ప్రాణాలతో ఇల్లు చేరినవాడు కార్‌స్టెన్ నీబూర్ ఒక్కడే. చనిపోయిన స్నేహితుని కాగితాలను అతనే 1775లో పుస్తకంగా అచ్చువేయించాడు. మన తీరంలో దొరికే సీబ్రీమ్‌లలో బెర్డా, సర్బా, స్పినిఫర్ అన్న మూడు పేర్లు ఆ పుస్తకంలోవే. ఫోర్స్కాల్ చేపలను సారాయిలో పెట్టలేదు. సగానికి చీల్చి, తోలును మన హెర్బేరియంలో ఆకును అంటించినట్టు కాగితానికి అంటించాడు. రెండువందల అరవై ఏళ్ళయినా ఆ కాగితపు చేపలు కోపెన్‌హాగెన్‌లో ఉన్నాయి. అనుమానం వచ్చిన శాస్త్రజ్ఞుడు ఇప్పటికీ వెళ్ళి వాటి ముళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. వృక్షశాస్త్రం ప్రాక్టికల్లో ఆకులు అంటించేటప్పుడు విసుక్కునే మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలని మనవి.

ఇక మన విశాఖపట్నం. పాట్రిక్ రస్సెల్ అనే స్కాటిష్ వైద్యుడు, అక్కడ కంపెనీ కొలువులో ఉన్న సోదరునితో కలిసి 1781లో వచ్చాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ అతన్ని తన ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించింది. మన ఊళ్ళలో అందరికీ తెలిసిన రక్తపింజరకు ఇంగ్లీషులో ఉన్నది ఇతని పేరే. కట్లపాముల ప్రజాతికి బంగారస్ అన్న పేరు కూడా ఇతను రాసుకున్న ‘బంగారం పాము’ నుంచి పుట్టినదే. తెలుగు మాట లాటిన్ తోక తగిలించుకుని ప్రపంచమంతా తిరుగుతున్నది.

పాములతోపాటు రస్సెల్ చేపలనూ చూశాడు. ఒడ్డుకొచ్చిన చేపను తెప్పించుకోవడం, జాలరులను పేరు అడగడం, ఇక్కడి చిత్రకారునితో బొమ్మ వేయించడం, ఇదీ అతని పద్ధతి. 1789లో ఇంగ్లండుకు తిరిగిపోయి, 1803లో విశాఖపట్నం చేపలు రెండువందలమీద రెండు సంపుటాల పుస్తకం వేశాడు. అందులో చేపలకు లాటిన్ పేర్లకన్నా ముందు కొట్టొచ్చినట్టు కనబడేవి మన పేర్లు, ఇంగ్లీషు అక్షరాల్లో వంకరటింకరగా. సొరచేపలు, పారలు, గులివిందలు. సీబ్రీమ్‌లు కూడా ఉన్నాయి. తొంభై ఒకటో బొమ్మ ‘చిచ్చిలీ’, తొంభై రెండో బొమ్మ ‘కలమర’.

పారిస్‌లో కువియే ఉన్నాడు. అతను భారతదేశం ఎన్నడూ రాలేదు. రస్సెల్ పుస్తకం ముందు పెట్టుకుని, కలమర బొమ్మను చూసి, 1829లో ఆ చేపకు క్రైసోఫ్రిస్ కలమర అని శాస్త్రీయ నామం ఇచ్చాడు. విశాఖ జాలరి నోటి మాట అలా జంతుశాస్త్రంలో అచ్చయింది. కాని ఆ చేపా, ఫోర్స్కాల్ ఎర్ర సముద్రంలో చూసిన బెర్డా ఒకటేనని తరువాత తేలింది. 1775 ముందా, 1829 ముందా? కలమర ఓడింది. చిచ్చిలీ కూడా అంతే. అది ఫోర్స్కాల్ సర్బాయేనని గుర్తించారు. మన తెలుగు పేరు మీద గెలిచింది ఏ దొరగారి పేరో కాదు, ఇంకో ఒడ్డున ఇంకో జాలరి చెప్పిన అరబ్బీ పేరు. అందుకే నాకు పెద్దగా బాధ లేదు.

అన్నీ ఓడలేదు కూడా. రస్సెల్ ‘మూకలీ పార’ అని రాసుకున్న చేపకు కువియే 1832లో ట్రకినోటస్ మూకలీ అని పెట్టాడు. అంతకన్నా పాత పేరు లేకపోవడంతో అదే నిలిచింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారి విశాఖపట్నం కేంద్రం గత దశాబ్దంలో ఈ చేపను హేచరీలో గుడ్లు పెట్టించి, పిల్లలను పెంచే పద్ధతిని సాధించింది. విశాఖ ఒడ్డున పుట్టిన పేరు పారిస్ వెళ్ళి, రెండు శతాబ్దాల తరువాత అదే ఒడ్డున సిమెంటు తొట్టిలో చేపపిల్లగా ఈదుతున్నది. సొర అన్న మన తీరపు మాట కార్కరైనస్ సొర్రా అన్న పేరులో అలాగే ఉంది.

రస్సెల్ పేరు పాములో ఉంది. కువియే పేరు ప్రతి చేప పక్కనా ఉంటుంది. బొమ్మ వేసినవాని పేరు లేదు. పేర్లు చెప్పిన జాలరుల పేర్లు అసలే లేవు.

నిరుడు డిసెంబరులో మా తరగతి స్టడీ టూరుకు విశాఖపట్నం వెళ్ళింది. సముద్రం చూసిన మొదటి అరగంట సంగతి రాయను, అందరికీ అనుభవమే. రెండోరోజు తెల్లవారకముందే సారు మమ్మల్ని ఫిషింగ్ హార్బరుకు తీసుకుపోయారు. నేను నోటుపుస్తకం పట్టుకుని, చేపల బుట్ట ముందు కూర్చున్న ఒక పెద్దామెను, రస్సెల్ స్పెల్లింగు ప్రకారం, “అమ్మా, చిచ్చిలీ ఉన్నదా?” అని అడిగాను.

“ఏటి బాబూ, ఏటడుగుతున్నావు?” అని పక్కామెతో కలిసి నవ్వింది. గులివింద అంటే మాత్రం వెంటనే ఎర్రటి చేపల గుట్ట చూపించింది. గడ్డానికి రెండు మీసాలతో అవి పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. అంటే ఆ పేరు రస్సెల్ చెవినుంచి సరిగ్గానే దాటింది. బుట్టలో మా సీసా చేపలాంటిది ఒకటి కనబడితే చూపించి అడిగాను. ఆమె ఒక పేరు చెప్పింది. పక్కామె కాదంటూ ఇంకో పేరు చెప్పింది. ఇద్దరూ వాదించుకున్నారు. పెద్దామె చేప నోరు వేళ్ళతో తెరిచి, “ఇదిగో పళ్ళు సూడు, గుల్లలు నవుల్తాది” అని, దాని కింది రెక్క రంగు చూపించి పక్కామెను ఓడించింది. ఆమె చూపించిన రెండు లక్షణాలూ మా పుస్తకంలో ఉన్నవే. బడి మొహం చూడలేదట ఆమె.

ఆ రెండు పేర్లూ రాసుకున్నాను. ఇక్కడ మాత్రం వేయడం లేదు. హార్బరు గోలలో ఒక్కసారి విన్న పేరును అచ్చులో పెడితే ఇంకో రెండువందల ఏళ్ళకు ఇంకో కుర్రాడు నాలాగే నవ్వులపాలవుతాడు.

పేర్ల సంగతి అలా ఉంచి, అసలు వర్గీకరణకు వస్తాను. సీబ్రీమ్‌లను గుంపులుగా విడదీయడానికి శాస్త్రజ్ఞులు చాలాకాలం ఆధారపడినది పళ్ళమీద. కోరలున్నవి ఒక ఉపకుటుంబం, గుండ్రటి దవడపళ్ళవి ఒకటి, నాచును కత్తిరించే కొరుకుడు పళ్ళవి ఇంకొకటి. దక్షిణాఫ్రికాలో జె.ఎల్.బి. స్మిత్ ఆ దేశపు సీబ్రీమ్‌లన్నిటినీ పరిశీలించి 1938లో గొప్ప గ్రంథం రాశాడు. ఆయన ఉద్యోగం రసాయనశాస్త్రం చెప్పడం, చేపలు ఆయనకు పిచ్చి. అదే సంవత్సరం డిసెంబరులో, డైనోసార్లతోనే నశించిందనుకున్న సీలకాంత్ చేప ఒకటి ఈస్ట్ లండన్ రేవులో దొరికింది. దాన్ని కాపాడినది మ్యూజియంలో పనిచేసే మార్జొరీ లాటిమర్. దానికి లాటిమీరియా అని 1939లో పేరు పెట్టింది ఈ స్మిత్తే. ప్రపంచం ఆయన్ను సీలకాంత్‌తో గుర్తుపెట్టుకుంది. కాని ఆ ఒక్క చేపను చూసి ఇది మామూలుది కాదని చెప్పగలిగిన కన్ను, అంతకుముందు వందల మామూలు చేపల పళ్ళూ పొలుసులూ లెక్కపెట్టి తయారైన కన్ను. జపానులో అకజాకి 1962లో ఈ చేపల ఎముకల్లోకి వెళ్ళి, దగ్గరి చుట్టాలైన కుటుంబాలతో పోల్చి ఇంకో మెట్టు ఎక్కించాడు.

ఈ పళ్ళ లెక్క అంతా 2002లో కదిలింది. అమెరికాలో ఓరెల్, కార్పెంటర్, వారి సహచరులు సీబ్రీమ్‌ల డి.ఎన్.ఏ.లో సైటోక్రోమ్ బి అన్న జన్యువును చదివి వంశవృక్షం గీశారు. పళ్ళను బట్టి అన్నదమ్ములనుకున్నవి ఆ చెట్టులో వేరువేరు కొమ్మలమీద కూర్చున్నాయి. గుల్లలు నమిలే పళ్ళు ఒక్కసారి కాదు, వేరువేరు వంశాల్లో వేరువేరుగా పుట్టినట్టు తేలింది. వేరే కుటుంబంగా పెట్టిన సెంట్రకాంతిడే చేపలు వచ్చి సీబ్రీమ్‌ల మధ్యనే చేరాయి. ఇది నాకు ఇట్లా అర్థమైంది. మా ఊళ్ళో ప్రతి రైతు ఇంట్లో కొడవలి ఉంటుంది. కొడవలి ఉన్న ఇళ్ళన్నీ చుట్టాలిళ్ళు కావు. పని ఒకటైతే పనిముట్టు ఒకటవుతుంది, అంతే.

అయితే పళ్ళు, ముళ్ళు, పొలుసులు లెక్కపెట్టే పని తీరిపోయిందా? లేదు. మా సీసా చేప ఉన్న ప్రజాతికి ఇప్పటి పేరు అకాంథోపాగ్రస్. బెర్లిన్‌లో పీటర్స్ 1855లో పెట్టాడు. ముళ్ళపాగ్రస్ అని చెప్పుకోవచ్చు. ఈ ప్రజాతిమీద మన కాలంలో ఎక్కువ శ్రమ పడినవాడు జపానులో మియజాకి విశ్వవిద్యాలయానికి చెందిన యూకియో ఇవాత్సుకి. దక్షిణాఫ్రికాలో స్మిత్ పేరుమీద వెలసిన సంస్థలో పనిచేసిన ఫిలిప్ హీమ్‌స్ట్రా ఆయనకు తోడు. వాళ్ళ పద్ధతి చూస్తే మనకు ఆశ్చర్యం వేస్తుంది, అంత సాదాగా ఉంటుంది. దేశదేశాల మ్యూజియంలనుంచి పాత సీసాలు తెప్పించుకోవడం, వీపు రెక్కలో ముళ్ళెన్ని, మెత్తటి కిరణాలెన్ని, పార్శ్వరేఖకు పైన పొలుసుల వరసలెన్ని, రెండో పాయువు ముల్లు పొడవెంత, కింది రెక్కల రంగేమిటి అని ఒక్కొక్కటే లెక్కపెట్టి పట్టిక వేయడం. తూర్పు ఆఫ్రికానుంచి పసిఫిక్ దాకా అంతా బెర్డాయే అని జనం అనుకుంటున్న గుంపులో, పసిఫిక్ వైపుది వేరే జాతి అని 2010లో తేలి, దానికి అకాంథోపాగ్రస్ పసిఫికస్ అన్న పేరు వచ్చింది. 2013లో ఇవాత్సుకి ‘లేటస్’ అన్న పేరుకింద కలిసిపోయి ఉన్న పసుపురెక్కల చేపలను విడదీసి మూడు కొత్త జాతులు చెప్పాడు. వాటిలో అరేబికస్ అన్నది పారశీక సింధుశాఖనుంచి మన పశ్చిమ తీరందాకా ఉండేది. అంతవరకు మన పుస్తకాల్లో దాన్ని లేటస్ అనే రాశారు. అసలు లేటస్ ఉండేది జపాను, చైనా వైపు.

ఇంత పట్టింపు ఎందుకు, చేప చేపే కదా, పులుసులో పడితే అన్నీ ఒకటే అని హాస్టల్లో ఒక మిత్రుడు వాదించాడు. పులుసు సంగతి ఒప్పుకుంటాను. కాని ఈ చేపల కాపురం సంగతి వినండి. అకాంథోపాగ్రస్ బెర్డా పిల్లప్పుడు మగది. కొన్నేళ్ళు మగదిగా ఉండి, పెరిగి పెద్దదై ఆడదవుతుంది. యూరపు స్పారస్ అరాటా కూడా అంతే. కాబట్టి ఒక ఏటిమొగలో పెద్ద చేపలన్నీ పట్టేస్తే పోయేది తల్లులు. మిగిలేవి కుర్ర మగచేపలు. ఏ సైజు వరకు పట్టవచ్చు, ఏ నెలలో వల ఆపాలి అని చెప్పాలంటే, ఎంత పొడుగుకు ఆడదవుతుందో, ఎప్పుడు గుడ్లు పెడుతుందో తెలియాలి. అది జాతి జాతికీ వేరు. రెండు జాతులను ఒక పేరుకింద రాసి సగటు తీస్తే, ఆ సగటు రెండింటికీ పనికిరాదు. ఒకటి తగ్గిపోతున్నా రెండోది లెక్కను నింపుతుంటుంది. పుస్తకంలో చేప ఉంటుంది, నీళ్ళలో ఉండదు.

ఇది నాకు చేపలకన్నా ముందు వడ్లలో తెలిసింది. మా ఊళ్ళో ఎం.టి.యు. 1010 అన్నది మారుటేరులో పుట్టిన రకం, అసలు పేరు కాటన్‌దొర సన్నాలు. పేరులో సన్నాలున్నా మావైపు వ్యాపారి దాన్ని దొడ్డు వడ్ల లెక్కలోనే వేస్తాడు. బాపట్లలో పుట్టిన బి.పి.టి. 5204ను సాంబ మసూరి అంటారు, అది సన్నం. మా నాయిన ఒక ఏడు సన్నరకం అనుకుని తెచ్చిన విత్తనాల సంచీలో ఇంకేదో కలిసింది. నారులో తెలియలేదు, నాటులో తెలియలేదు. పొట్టదశకు వచ్చేసరికి మడిలో ఎత్తుపల్లాలు కనబడ్డాయి. ఒకటి ఈనింది, ఒకటి ఈనలేదు. అలాంటి మొక్కలను మేము కేళీలు అంటాం. నాయిన పొద్దున్నే మడిలో దిగి, ఆకు రంగు, కణుపు, ఎత్తు చూసి ఒక్కొక్కటే పీకేవాడు. ఎన్నని పీకుతాడు? కోతకు సగం పండి, సగం పచ్చిగా ఉన్నవి. ఆ ఏడు వడ్లకు సన్నాల ధర రాలేదు. సంచీమీద పేరు మాత్రం చక్కగా అచ్చువేసి ఉంది, ఇప్పటికీ ఆ సంచీని ఇంట్లో కందులకు వాడుతున్నాం. ఇవాత్సుకి పట్టికలు చూసినప్పుడు నాకు మడిలో వంగి నిలబడ్డ మా నాయినే గుర్తొచ్చాడు.

టూరునుంచి వచ్చాక సారు అనుమతితో మా సీసా చేపను మళ్ళీ బయటికి తీశాను. ఈసారి గంట కొట్టేవారు లేరు. వీపు రెక్కలో ముళ్ళు పదకొండు, మెత్తటి కిరణాలు పదకొండు. పాయువు రెక్కలో ముళ్ళు మూడు, అందులో రెండోది మిగతావాటికన్నా లావు, బలమైనది. కిరణాలు ఎనిమిది. దవడ పక్కల గుండ్రటి పళ్ళు. ప్రజాతి అకాంథోపాగ్రస్ అనడంలో సందేహం లేదు. కాని జాతి? పాత చీటీ బెర్డా అంటున్నది. అది రాసిన రోజుల్లో ఆ గుంపులోని నల్లరెక్కల చేప ఎక్కడిదైనా బెర్డాయే. ఎక్కడ పట్టారో రాసి ఉంటే సగం చిక్కు విడిపోయేది. కాకినాడా, పులికాటా, చిలకా, లేక ఏ సింగపూరునుంచో కొని తెప్పించిన సీసానా? చీటీలో ఊరు లేదు, తేదీ లేదు, తెచ్చినవారి పేరు లేదు. రంగు చూద్దామంటే ఫార్మలిన్ తినేసింది. డి.ఎన్.ఏ. చూద్దామంటే అదీ ఫార్మలిన్‌లో ముక్కలుముక్కలై ఉంటుంది. ఆరువందల యాభై అక్షరాలు వరసగా చదవగలిగితే జాతి చెప్పే బార్‌కోడు పద్ధతి ఉందిగాని, దానికి తాజా కండ కావాలి, లేకపోతే సారాయిలో దాచినదైనా కావాలి. ఫోర్స్కాల్ చేప కాగితంమీద ఎండి రెండున్నర శతాబ్దాలు సాక్ష్యం చెబుతున్నది. మా చేప సీసాలో నిండుగా ఉండి కూడా మూగది.

మ్యూజియం చీటీలు బాల్‌పెన్నుతో రాయకూడదని ఆరోజు సారు చెప్పారు. ఫార్మలిన్ తగిలితే ఆ సిరా కరిగిపోతుంది. పెన్సిలు కరగదు, పైగా చెరిపి మళ్ళీ రాయడానికి వీలు. దళసరి కాగితంమీద పెన్సిలుతో ఇలా రాశాను: అకాంథోపాగ్రస్, జాతి నిర్ణయం కాలేదు, దొరికిన చోటు తెలియదు. కింద నేను లెక్కపెట్టిన అంకెలు, ఆనాటి తేదీ రాశాను. పాత చీటీని పారేయకుండా దాన్ని కూడా సీసాకు ఉంచాం.

సారు చదివి, “వచ్చే సంవత్సరం పిల్లలు ప్రజాతి రాస్తే చాలు, మార్కులిస్త” అన్నారు.

“సార్, మరి నావి ఆ రెండు మార్కులు?”

“అవి పోయినయి” అన్నారు.